దింపుడు కళ్ళం దగ్గర చదివిన అర్జీ

ఆయన పేరు నేను నోటితో పలకను. పెళ్ళయిన నాటినుంచీ పలకలేదు, పోయాక అసలు పలకలేదు. నేను చెబుతుంటే రాస్తున్న ఈ కోడలు కూడా ఆ పేరున్న చోట ఖాళీ వదిలేస్తానంటోంది. వద్దన్నాను. ఖాళీ కూడా వద్దు, ఆయన అని రాయమ్మా, చాలు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

నాకు నా పేరు రాసుకోవడం వచ్చు. అంతకుమించి రాదు. అది కూడా ఆయన నేర్పిందే. గడప దగ్గర కూర్చోబెట్టి, తడి మట్టిలో వేలు పట్టుకుని దిద్దించారు.

మేముండేది మా పెద్దలు ఓడెక్కి కూలికి వచ్చిన ఈ దీవిలో, నువెల్ ఫ్రాన్స్ దగ్గర ఒక చెరకు తోట కూలీల కాంపులో. పెద్ద లడాయి ఇంకా రాని రోజులవి. చలి, ముసురు. గోడకి పెట్టిన చెయ్యి చెమ్మగా వచ్చేది. వారమంతా ఆయన అందరిలాగే చెరకు కొట్టేవారు. ఆదివారం మధ్యాహ్నం భజన గుడిసెలో పిల్లలకి అక్షరాలు, సాయంత్రం పెద్దవాళ్ళకి రామభజన. మధ్యలో ఎవరికేం కావలసినా అర్జీ రాసేవారు. జబ్బుపడిన వాణ్ణి పొలానికి లాక్కెళ్ళారంటే అర్జీ. నీళ్ళ పంపు పాడైతే అర్జీ. అలా నాలుగు తోటలవాళ్ళకి ఆయన తెలుసు. బండి మీద వెళ్ళేవాళ్ళు కూడా మా గుడిసె ముందు ఆగి దణ్ణం పెట్టి పోయేవారు. నాకు అది గర్వం కాదు, భయం. దణ్ణాలు ఎక్కువైన కొద్దీ సిర్దారు చూపులు కూడా ఎక్కువయ్యేవి. సిర్దారంటే మా మీద మేస్త్రీ. మావాడే. మా అత్తగారు, అతని నాన్న ఒకే ఓడలో దిగారు. ఓడ చుట్టరికం మాకు రక్తం చుట్టరికం కంటే తక్కువ కాదు. నన్ను వదినా అని పిలిచేవాడు.

ఆఖరున ఆయన పెట్టుకున్న అర్జీ ఒకటుంది. అందరూ చావు చీటీ అర్జీ అనేవారు. ఆ రోజుల్లో తోట దాటి పోవాలంటే మిస్యే, అంటే తోట పెద్దదొర, చీటీ ఇవ్వాలి. చీటీ లేకుండా బాట మీద దొరికితే ఠాణాకి తీసుకుపోయేవారు. పక్క తోటలో తల్లి పోయిందని కబురొచ్చి చీటీకి వెళితే, రేపు రా అనేవారు. రేపటికి మట్టి అయిపోయేది. తన వాళ్ళు పోతే ఆ రోజుకి ఆ రోజే చీటీ ఇవ్వాలని ఆ అర్జీ. ఆయన రాత్రిళ్ళు చాటుగా ఊరూరా తిరిగి వేలిముద్రలు వేయించారు. ఆ కాగితం రేకు పెట్టెలో, నా పెళ్ళిచీర మడతలో ఉండేది. ఇంకా సగం ముద్రలు పడాలి. ఆ ఆదివారం మహేబోర్గ్ నుంచి లాయరు దగ్గర పనిచేసే గుమాస్తా ఒకాయన వచ్చి దాన్ని తీసుకుపోవాలని ఏర్పాటు.

ఆ ఆదివారం తెల్లారే సరికి ఆయన పోయారు.

మూడు రోజుల జ్వరం. తెల్లవారుజామున నీళ్ళడిగారు, తాగారు, పక్కకి తిరిగారు. అంతే. మా అబ్బాయి అప్పటికి ఇరవై దాటినవాడు, పెళ్ళి కాలేదు. వాడు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. చల్లబడ్డాయని నేనే చెప్పాను.

పొద్దెక్కే సరికి వాకిలి నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగానికి చీటీల్లేవు. చెరకు మధ్యలోంచి, గట్ల వెనకనుంచి వచ్చారు. చీర చెంగుల నిండా చెరకాకు గాట్లు. ఏడుస్తున్నా వాళ్ళ కళ్ళు బాటవైపే. ఎవరైనా గుర్రం మీద వస్తున్నాడా అని.

గుమాస్తా కూడా వచ్చాడు. అర్జీ కోసం వచ్చినవాడికి చావు ఎదురైంది. నల్ల కోటు, చేతిలో టోపీ. మహేబోర్గ్‌లోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు మాట్లాడతాడు కానీ మధ్యలో క్రియోల్ దొర్లిపోతుంది. శవానికి దణ్ణం పెట్టి, నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“అమ్మా, ఈ సమయంలో అడగకూడదు. కానీ అడగాలి. ఇంతమంది ఒక్కచోటికి మళ్ళీ రారు. అర్జీ ఇవాళ పైకి చదివితే, మిగిలిన ముద్రలన్నీ పడిపోతాయి.”

“ఎక్కడ చదువుతావ్ బాబూ?”

“దారిలో. జనం ఆగిన చోట. పా పెర్ అమ్మా, భయపడకండి. రెండు నిమిషాలు.”

“శవం దగ్గరా?”

“ఆయన దగ్గరే కదా చదవాలి. ఆయనది కదా కాగితం.”

“కాగితం ఆయనదైతే ఆయన నావాడు కాదా మరి?” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అతను తల దించుకుని దూరం జరిగాడు.

అతను జరిగాడో లేదో సిర్దారొచ్చాడు. చేతిలో కర్ర లేదు, అదొక్కటే మర్యాద.

“ఒదినా, ఆ కోటోడు నీకేటి సెప్తన్నాడు?”

“ఏముంది, పలకరించాడు.”

“నాకాడ దాయకు. కాయితం సంగతి మిస్యే సెవిన పడింది. తోట దారిలో ఎవుడైనా కాయితం ఇప్పినాడంటే, నీ గుడిసె నీది కాదు. నీ కొడుక్కి పని నేదు. నాను అడ్డం పడలేను, నా పెళ్ళాం బిడ్డలున్నారు.” శవం వైపు చూసి, “అన్న మంచోడు. మట్టి పని మట్టికే కానీ ఒదినా,” అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధం కాదు.

సరే, చదవద్దని చెప్పేస్తానని లేచాను. గుడిసె పోతే ఎక్కడికి పోతాం? ఆ మాట నోట్లోకి వచ్చేసింది కూడా. అప్పుడు కాంప్ ద మాస్క్ అనే దూరపు తోట నుంచి వచ్చిన ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నాకంటే పెద్దది. అంత దూరం నడిచి వచ్చింది, కాళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని. గోడవారన కూర్చుని మా మాటలన్నీ విందట.

“సెల్లీ, నాకాడ సీటీ నేదు. తెల్సా? మా యమ్మ పోయిననాడు అడిగితే ఇవ్వనేదు. మా యమ్మ మొకం నాను సూడనేదు. నీ పెనిమిటి ఆ కాయితంలో నా సంగతే మొదట రాసినాడు. నాను సెప్పింది సెప్పినట్టు. ఈయేళ అది సదవకపోతే మరేనాడు సదూతారు? మల్లా మనలో ఇంకోడు పోయినాకా?”

ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఎటు చూసినా భయమే. చదివితే గుడిసె పోతుంది. చదవకపోతే ఈమె నన్ను చూసిన చూపు పోదు. ఆయన లేచి కూర్చుంటే ఏమంటారో నాకు తెలుసు. ముందు చదవమంటారు, తర్వాతే నన్ను మొయ్యండంటారు. ఆయనది అదీ తీరు. ఇంట్లో బియ్యం లేవంటే కూడా, ఉండు ఈ వాక్యం అవనీ అనేవారు. అందుకే నాకు ఒళ్ళు మండింది కూడా. బతికున్నప్పుడు ఆదివారాలన్నీ ఊరికి ఇచ్చారు. ఈ ఒక్క పూటైనా మాకు ఇవ్వకూడదా?

నాకు కావలసింది ఒక్కటే. మా వాళ్ళలో శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో ఒక చోట దింపుతారు. దింపుడు కళ్ళం అంటారు. అక్కడ కొడుకు వంగి, చెవిలో ఇంటిపేరుతో సహా పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడైనా దారి తప్పి ఆగి ఉంటే వినిపించి తిరిగొస్తుందని. మూడోసారీ పలక్కపోతే ఇక లేరని ఒప్పుకుని ఎత్తుతారు. ఆడవాళ్ళం అక్కడిదాకే వెళతాం, అక్కడినుంచి వెనక్కి. ఆ మూడు పిలుపులూ నిశ్శబ్దంగా, ఆయన చెవికి చేరేట్టు జరగాలి. అప్పుడే నేను ఇంటికి వచ్చి గాజులు తీయగలను. మా మామగారిని పిలిచినప్పుడు ఆయనే పిలిచారు. మూడోసారి పిలిచి, చెవి దగ్గరే ముఖం ఉంచి చాలాసేపు ఆగారు. నాకది గుర్తు.

గుమాస్తాని పిలిచాను.

“బాబూ, దింపిన చోట మా అబ్బాయి పిలుస్తాడు. ఆ పిలుపు అయ్యేదాకా నువ్వు నోరు విప్పకూడదు. అయ్యాక నీ ఇష్టం.”

“పిలుపు అయ్యాకే అమ్మా. మాటిస్తున్నాను.”

పెట్టె తీసి, చీర మడత విప్పి, కాగితం ఇచ్చాను. అతను కోటు లోపల దాచుకున్నాడు. మూడు పిలుపులని నేను చెప్పలేదు. ఎందుకు చెబుతాను? ఎవరికి తెలియదు? తెలుగువాడై పుట్టి దింపుడు కళ్ళం దగ్గర ఎన్నిసార్లు పిలుస్తారో తెలియనివాడు ఉంటాడని నాకు తోచలేదు. అక్కడే తప్పు నాది. ఇన్నేళ్ళుగా అదే తప్పు దగ్గరికి వెళ్ళి వస్తూంటాను.

మధ్యాహ్నానికి ఎత్తారు. ముందు దాసరి ముసలాయన శంఖం ఊదుతూ, జేగంట కొడుతూ. వెనక మా అబ్బాయి కుండతో. పేలాలు చల్లుతూంటే తడి మట్టికి అంటుకుపోతున్నాయి. ముసురు ఆగలేదు. మోసేవాళ్ళు మారడానికి నలభైమంది ఎగబడ్డారు. “నా భుజం నా భుజం” అంటూ తోసుకుంటుంటే దాసరి కసిరాడు, “ఒరే, బతికున్నప్పుడు ఒక్కడైనా ఆయన గొడ్డలి మోసినాడ్రా?” అని. ఆ ఏడుపులోనూ కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వచ్చినందుకు భయమేసింది.

మా దింపే చోటు చెరకు తోట చివర, పొలంలోంచి ఏరిన రాళ్ళు పోసిన గుట్ట దగ్గర. అక్కడ మూడు దారులు కలుస్తాయి. ఒక దారి పైన మిస్యే గుర్రం నిలబడి ఉంది. దొర దిగలేదు. పక్కనే సిర్దారు, టోపీ చంకలో పెట్టుకుని. ఆ గుర్రం తోక ఊపడం కూడా నాకు కనిపిస్తోంది. అంత దగ్గర.

పాడె దించారు. జేగంట ఆగింది. ఒక్కసారిగా జనమంతా నోరు మూశారు. అంతమంది నోరు మూస్తే ఎలా ఉంటుందో మీరెవరైనా విన్నారా? చెరకాకుల మీద చినుకులు వినిపించాయి.

మా అబ్బాయి వంగాడు. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, తండ్రి పేరు మొదటిసారి పలికాడు. పుట్టాక వాడు ఆ పేరు పలకడం అదే మొదలు. గొంతు నిలకడగానే ఉంది.

రెండోసారి పిలిచాడు. ఈసారి సగంలో విరిగింది.

మూడోదానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. తల తండ్రి గుండెల మీద వాలిపోయింది, భుజాలు ఊగుతున్నాయి. దాసరి వాడి వీపు మీద చెయ్యి వేసి, “కానీ నాయనా, ఇంకొక్కటి,” అంటున్నాడు మెల్లిగా. ఎవరూ కదల్లేదు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. రెండు. రెండు. ఇంకొకటి. వాడు లేవడం లేదు. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. ఆ పేరు నాకు తెలుసు. నాకంటే ఎవరికి తెలుసు? ఒక్క మాట. పెదవుల దాకా వచ్చింది. పెళ్ళాం మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమా? నోరు రాలేదు. అమ్మా, ఇది ఉన్నది ఉన్నట్టు రాయి. నోరు రాలేదు.

అప్పుడు రాళ్ళ గుట్ట మీదనుంచి గొంతు లేచింది.

గుమాస్తా ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు. పిలుపు అయిపోయిందనుకున్నాడు. జనం నిశ్శబ్దంగా ఉన్నది తన కోసమే అనుకున్నాడు. కోటులోంచి కాగితం తీసి విప్పాడు. అర్జీ ఎలా మొదలవుతుంది? రాసినవాడి పేరుతో. ఇంటిపేరుతో సహా ఆయన పేరు, ఫలానా తోట కాంపులో కాపురముంటున్న నేను, అని. ఆ పేరు ఎంత గట్టిగా పలికాడంటే గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది.

అది మూడో పిలుపని లెక్కపెట్టాలో వద్దో తెలియక నేను అబ్బాయి వైపు చూశాను.

అతను ఆగలేదు. తల్లి మట్టికి వెళ్ళలేకపోయిన కాంప్ ద మాస్క్ ఆమె సంగతి చదివాడు. చీటీ లేక ఠాణాలో కూర్చున్నవాళ్ళ సంగతి చదివాడు. ఆయన రాసిన మాటలే అన్నీ. మా గుడిసెలో దీపం దగ్గర గొణుక్కుంటూ రాసుకున్న మాటలు, ఇంకొకడి గొంతులో, నడిబాటలో. జనం కొందరు ఏడుస్తున్నారు, కొందరు అవునవునంటున్నారు. ఆ పక్కనుంచి సిర్దారు జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. “దిగరా! సవం ముందర ఏటిరా ఈ గోల! దిగు!” ఇంకో గొంతు, “నువ్ ముందు గుర్రం కాడికి పోరా, నీ గడ్డి ఆడుంది!” అంది. రాళ్ళు చేతుల్లోకి వస్తాయేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన్ని నేల మీద పెట్టి, తలపక్కన తన్నుకుంటారా వీళ్ళు? మా అబ్బాయి తండ్రి మీద అడ్డంగా పడుకున్నాడు, ఎవరూ తొక్కకుండా.

దాసరి శంఖం అందుకున్నాడు. ఊపిరి ఉన్నంతసేపు ఊదాడు. ఆ చప్పుడులో అరుపులూ అర్జీ అన్నీ మునిగిపోయాయి.

“ఎత్తండి,” అన్నాడు. పాడె భుజాలకెక్కింది.

నేను దాసరి పంచె కొస పట్టుకున్నాను. “తాతా, మూడోది?”

ముసలాయన నన్ను చూశాడు. ముసలి కళ్ళు, నీళ్ళలో తేలుతున్నాయి. “పేరు పలికింది కదమ్మాయ్. నాలుగు తోటలోళ్ళూ ఇన్నారు. ఆడు ఇనడా?”

“చెవిలో కాదు కదా తాతా.”

“ఎత్తినాక మల్లా దించకూడదు తల్లీ,” అన్నాడు. అంతే. తల వైపువాళ్ళు కాళ్ళ వైపుకి మారారు, వెళ్ళిపోయారు. మేం ఆడవాళ్ళం వెనక్కి తిరిగాం. నేను వెనక్కి వెనక్కి చూస్తూ నడిచాను. ఏమో, ఒక చెయ్యి కదిలితే? పిలుపు వినపడక, ఇంకా రెండో పిలుపు దగ్గరే ఆగి, మూడోదాని కోసం చూస్తూ ఉంటే?

ఇంటికొచ్చి, ఆయన పోయిన చోట దీపం పెట్టి కూర్చున్నాను. మట్టికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని ఆ దీపం చూసి పోవాలి. గుమాస్తా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఎవరో చెప్పినట్టున్నారు. ముఖం పాలిపోయింది. కాగితం నా వైపు చాపాడు. నేను తీసుకుని దీపం పక్కన పెట్టాను. చింపేద్దామనే తీసుకున్నాను. కానీ కాంప్ ద మాస్క్ ఆమె వచ్చి, దీపానికి దణ్ణం పెట్టి, ప్రమిద మూతికి పట్టిన మసి వేలికి రాసుకుని, కాగితం మీద ముద్ర వేసింది. ఆమెది అంతకు ముందే ఉంది. అయినా మళ్ళీ వేసింది. తర్వాత ఒక్కొక్కరే. దీపం చూడడం, మసి అంటించుకోవడం, వెయ్యడం. ఎవరూ ఏమీ చదవలేదు, ఎవరూ అరవలేదు. మసి అయిపోతే నేనే దీపం మీద రేకు పెట్టి ఇంకొంచెం పట్టాను.

సిర్దారు కూడా వచ్చాడు. దీపం చూడకుండా పోకూడదు కదా. దీపాన్నే చూశాడు. పక్కనున్నదాన్ని చూడలేదు. వెళుతూ, “నాకేటీ కనబడనేదు ఒదినా,” అన్నాడు. “కానీ ఆ గుర్రమ్మీదోడికి కనబడింది. పెద్దకర్మ దాకా ఆపగల్ను. తరవాత నా సేతిలో నేదు.”

మాట నిలబెట్టుకున్నాడు. పెద్దకర్మ మర్నాడు గుడిసె ఖాళీ చేశాం. రేకు పెట్టె, రెండు చెంబులు, ఆయన గొడ్డలి. కాంప్ ద మాస్క్ వెళ్ళాం. ఆ గుడ్డపేలికల కాళ్ళావిడ తన గుడిసెలో చాప సగం ఇచ్చింది. ఇప్పుడు ఇది రాస్తున్న కోడలు ఆమె మనవరాలే.

అర్జీ ఏమయిందని అడుగుతారు. నాకు తెలియదు. గుమాస్తా తీసుకెళ్ళి ఇచ్చాడు. కొన్నేళ్ళకి చావంటే చీటీ అడగడం మానేశారు. ఆ కాగితం వల్లో, కాలం మారో, ఎవరూ నాకు చెప్పలేదు. గుమాస్తా ఒకసారి వచ్చాడు, తల నెరిశాక. “మూడని నాకు తెలీదమ్మా,” అన్నాడు. “నేను చెప్పలేదు బాబూ,” అన్నాను. ఇద్దరం టీ తాగాం.

చావు దగ్గర ఊరి సంగతులు మాట్లాడవచ్చా అని కుర్రాళ్ళు వాదించుకుంటూంటారు. ఊరి కోసం బతికినవాడి చావు ఊరిది కాదా అంటాడొకడు. నేను కాదనలేను. దీపం దగ్గర నేనే మసి పట్టాను. కానీ మూడో పిలుపు దాకా ఆ పోయినవాడు ఇంటికి చెందినవాడు. అంతవరకూ ఆగడానికి ఎంతసేపు పడుతుంది? ఒక బిడ్డ ఏడుపు ఆపుకుని మళ్ళీ నోరు విప్పేంతసేపు. ఆ కాస్తసేపు ఎవరైనా ఆగలేకపోతే, ఎంత మంచి కాగితమైనా కావచ్చు, నాకు కోపమే.

ఎక్కడ జేగంట వినిపించినా వెళతాను. నాకు తెలిసినవాళ్ళే అక్కర్లేదు. దింపే చోటుదాకా నడిచి, పాడెకి దగ్గరగా నిలబడతాను. “అదిగో, లెక్కల ముసలమ్మొచ్చింది,” అంటారు నా వెనక. “సరిగ్గా పిలవండ్రా, లేపోతే మల్లా పిలిపిత్తాది!” అంటారు. అననీ. నేను వేళ్ళు ముడుస్తాను. ఒకటి. రెండు. ఆ రెండోదానికీ మూడోదానికీ మధ్య నాకు ఊపిరాడదు. మూడోది వినబడ్డాక చెంగు సర్దుకుని ఇంటికొస్తాను.

నా కొడుకుతో చెప్పి ఉంచాను. నా దగ్గర వాడికి గొంతు విరిగితే, పక్కనున్నవాళ్ళు ఎవరైనా సరే, ఆడా మగా చూడకుండా, వంగి నా చెవిలో పిలవాలి. కోడలైనా సరే. ఇది రాస్తూ తల ఊపుతోంది. ఊపితే చాలదమ్మా, రాయి.